నిన్నటికన్న నయం

అల్ ఖోర్ క్యాంపులో
ఆగస్టు నెల కుళాయి విప్పితే
టీ పెట్టుకోవచ్చు.
డాబా మీద నల్ల ట్యాంకు
పగలంతా ఎండ తాగి
తెల్లారగట్ల మూడున్నరకి
మా నెత్తిన కక్కుతుంది.

గదికి ఎనిమిది మందిమి.
అందరికన్నా ముందు లేచేది రాజలింగం.
మెట్‌పల్లి అవతల ఏదో ఊరు, పైపులు బిగించే పని.
రాత్రి పట్టి ఉంచిన పీపాలో వేలు ముంచి
నాడి చూసే వైద్యుడిలా కాసేపు ఆగి
వరండా అంతా వినబడేలా చెప్తాడు:
"నిన్నటికన్న నయం!"

నేను టైంకీపర్ని.
ఎవరు ఎన్ని గంటలు ఎండలో నిలబడ్డారో
నీలం గళ్ళలో రాసి పంపేవాణ్ణి.
నయం అనే మాటకి నా కాగితంలో గడి లేదు.
రాజోలు దగ్గర మా వూళ్ళో
గోదారి తీసిందని ఎవరన్నా నమ్మం,
కర్ర పాతి గుర్తు చూసుకుంటాం.

జీతం రెండు నెలలు ఆగితే
"మూడోది ఇంక ఆగలే గద" అన్నాడు.
చెప్పు తెగితే
"రెండోది మంచిగనే ఉన్నది" అన్నాడు.
మెస్సులో పప్పు నీళ్ళయితే
"చారు అనుకో" అన్నాడు.
ఒకసారి నాకు ఒళ్ళు మండి
"ఇల్లు కాలిపోతే ఏమంటావయ్యా" అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"అప్పుడు ఏమనలే" అన్నాడు.
దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.
నేను మళ్ళీ అడగలేదు.

నెలాఖరులో
గేటు కాపలా సూడాన్ ముసలాయన ఇద్రీస్ చెప్పాడు,
దక్షిణాన సుహైల్ అని ఒక చుక్క ఉందని,
వేకువన అది పొడిస్తే
వేసవి నడుం విరిగినట్టేనని.
రాజలింగం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.
"అది మా అగస్త్యుడే!
అది పొడుస్తే వాగు నీళ్ళు తేటవడ్తయని
మా అవ్వ జెప్తుండె."

ఇక రోజూ బస్సు వరసలో
దక్షిణం కేసి మెడ చాచడమే.
దుమ్ము. దుమ్ములో క్రేను నెత్తిన ఎర్ర దీపం.
"అగో!" అంటాడు.
"అది క్రేను" అంటాను.
"దాని పక్కన" అంటాడు.
పక్కన దుమ్ము.

విచిత్రం ఏమిటంటే
ఆ వారం నుంచి పీపాలో నీళ్ళు
నిజంగానే కాలడం మానేశాయి.
నేపాలీ కుర్రాడు బిష్ణు
రెండు చెంబులు ఎక్కువ పోసుకుని ఈల వేశాడు.
నా కాగితాల్లో మాత్రం రాత్రి వేడి
ముప్పై ఐదుకి ఒక్క గీత దిగలేదు.
లెక్క కుదరకపోతే నాకు నిద్ర పట్టదు.

ఒంటిగంటకి లేచి చూశాను.
మెస్సు పక్కన సామాన్ల గదిలో ఏసీ ఉంటుంది,
బియ్యం బస్తాల కోసం.
ఆ బస్తాల వెనక సాయంత్రమే దాచిన నీళ్ళు
నూనె డబ్బాల్లో, రెండు చేతులకి రెండు,
లుంగీ ఎగ్గట్టి మోసుకొస్తున్నాడు రాజలింగం.
చప్పుడు కాకుండా అంచుకి ఆనించి
పీపాలో వంపుతున్నాడు,
చంటిదానికి ఉగ్గు పట్టినట్టు.

పద్నాలుగు డబ్బాలు.
లెక్కపెట్టాను, అలవాటు.
వెళ్ళి పడుకున్నాను.
మూడున్నరకి వరండాలో కేక:
"నిన్నటికన్న నయం!"

సెప్టెంబరులో అతన్ని
వక్రా సైటుకి మార్చారు.
పోతూ పోతూ నాతో ఏమీ అనలేదు.
రాత్రి పడుకుంటే
తలగడ కింద ఏదో గుచ్చుకుంది.
సామాన్ల గది తాళంచెవి.

నా నడుముకి పద్నాలుగు ఎక్కువ,
పది మోస్తాను.
అందులో రెండు లుంగీ మీదే ఒలుకుతాయి.
వేలు ముంచి నిలబడితే
మొదట్లో నోరు పెగిలేది కాదు.
అబద్ధం ఆడుతున్నానేమోనని
మళ్ళీ ముంచి చూసుకునేవాణ్ణి.
వెనక బిష్ణు తువ్వాలుతో ఎదురుచూస్తుంటాడు.
చెప్తాను, గోదారి యాస కాస్త అడ్డం పడినా.

ఇవాళ బస్సు దగ్గర వాడు అడిగాడు,
ఆ చుక్క ఎక్కడ అని.
క్రేను. ఎర్ర దీపం. దుమ్ము.

"దాని పక్కన" అన్నాను.