వేడి రొట్టె

గ్యూమ్రిలో మంచు
కిటికీల నడుం దాకా పేరుకుంది.
తెల్లారకముందే మా అత్త శుషానిక్
నేలపొయ్యిలోకి వంగి
మొదటి రొట్టె ఊడదీసి
గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.
ఆర్షవీర్‌కట.
మామ మీద దొంగసాక్ష్యం చెప్పిన
ఆ ఆర్షవీర్‌కే.

"వాడికెందుకు?" అన్నాను.

పలకలేదు.
రెండో రొట్టె తీసి
నా అరచేతుల్లో పడేసింది.
చురుక్కుమంది.
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి, ఊది, గెంతి,
చివరికి పిండి పిసుకుతున్న నాజెలీ ఒళ్లోకి
జారవిడిచాను.

"చూశావా," అంది పొయ్యిలోకే చూస్తూ.
"నేనడక్కముందే
మేకులు దిగిన చేతులు నాకందించింది
ఇంకా చల్లారలేదు పిల్లా.
పట్టుకు కూర్చోలేను."

వీధిలో
ఆర్షవీర్ గుమ్మం వైపు
ఒక్క అడుగుజాడా లేదు.
మూట గుండెకి అదుముకుని
మోకాలిలోతు మంచులో దిగాను,
కోపం ఇంకా పోకుండానే.