మూడు మిల్లీలీటర్లు

త్రైమాసిక నివేదికకి ఇంకా రెండు రోజులు.
పర్మిట్ నంబరు అతికించిన గంజాయి నూనె సీసాని
కిటికీ వెలుగుకెత్తి చూస్తున్నాడు ఇన్‌స్పెక్టరు,
పాడేరు ఘాట్‌లో బస్తాలు తూచిన చేతులతోనే.

రిజిస్టరులో ఇరవై ఏడు.
సీసాలో ఇరవై నాలుగు.
"మూడేవీ?"

నూకరత్నం సిస్టరు మాట్లాడలేదు.
నాలుగో మంచం వైపు చూసింది.
జాలరిపేట మైలపల్లి ఎర్రయ్య,
గొంతులో పుండు,
గంజినీళ్లు కూడా దిగని మనిషి,
మొన్న రాత్రి వేసిన మందు వేసినట్టే కక్కేశాడు.
మళ్లీ వేసింది. రాయలేదు.
మూడున్నరయింది అప్పటికి,
హార్బరులో ఏదో ఓడ కూత,
వార్డంతటికీ తనొక్కర్తే.

కారణం రాసే గడి అంగుళం వెడల్పు.
'ఒలికింది' అంటే మెమో.
'కక్కాడు' అంటే సాక్షి సంతకం.

ఎర్రయ్య మోచేతి మీద లేచాడు, గొంతు గీరుకుంటూ:
"నానే సాచ్చికం బాబూ.
ఆ రేతిరి నిదరట్టింది.
వల లాగినట్టు కల కూడా ఒచ్చింది.
రాసుకో."

ఇన్‌స్పెక్టరు మూత తీసి వాసన చూశాడు.
బస్తాలదే, అదే వాసన.
పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
తర్వాత ఆ గడిలో ఏం రాశాడో
సిస్టరు మెడ సాచినా కనబడలేదు.