తొంభై మూడు

చిట్యాల దాటాక, కంపెనీ గోడకు కిలోమీటరు ఇవతల
చెలకలో వ్యాను ఆపాం.
జనరేటరు వద్దన్నాను, దాని పొగ మా లెక్కలోకే వస్తుందని.
బ్యాటరీల మీద పంపు గురకపెడుతోంది.

ముందు సున్నాను కొలవాలి.
సిలిండరులో తెచ్చిన ఏ వాసనా లేని గాలిని తాగించి
యంత్రం ఎంత అబద్ధమాడుతుందో రాసుకోవాలి.

గౌండ్ల జంగయ్య వంగి చూశాడు.
"గిది వాసన జూస్తదా?"
చూడదు, తూస్తుంది.
నీటి ఆవిరి ఒక్కో అణువుకు ఒక ప్రోటాను చేబదులిస్తుంది,
అది పట్టుకుని అవి ఏమీ లేని గొట్టంలో పరుగెడతాయి
తేలికవి ముందు, బరువైనవి వెనక.

"కింద వెట్టి ఏం జూస్తవ్ సారూ?
నాకు మీదనే గొడ్తది."

టెఫ్లాన్ గొట్టం కొసను ముస్తాదుకు కట్టుకుని
తెల్లారుగట్ల నాలుగింటికి తాడెక్కాడు.
బీడీ వద్దన్నాను, డెబ్బై తొమ్మిది లేస్తుందని.
చెవి మీదిది తీసి నా చేతిలో పెట్టి ఎక్కాడు.

మొదట నలభై ఏడు, నిట్టనిలువుగా.
ఒక్క క్షణం భయం, తర్వాత నవ్వు.
లొట్టిలో నురుగు. కల్లు.
"జర పక్కకు జరుపు పెద్దయ్యా!"

ఆపైన చాలాసేపు ఏమీ లేదు.
తాటికమ్మల గరగర. హైవే మీద లారీలు.
ఎవరో గడియారం చూసి తెరిచినట్టు నాలుగూ ఇరవైకి
తొంభై మూడు కదిలింది.
వందకోట్లలో అరవై.
నూట పది.
నాలుగొందలు.

నేల మీద, నా ముక్కుకు, ఏ వాసనా లేదు.
పైన ఆయన దగ్గుతున్నాడు.
ప్రతిసారీ దగ్గు ముందు, గీత వెనక.
తేడా ఎనిమిది సెకన్లు
గొట్టం పొడవుకు పట్టే కాలం.

దిగాక మోకు విప్పుతూ అడిగాడు, పేరేందని.
టోలుయిన్ అన్నాను.
నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాడు.
"పేరున్నదన్నట్టు.
గిన్నేండ్లు అర్జీలల్ల వట్టి కంపు అనే రాయించిన."

మర్నాడు హైదరాబాదులో, ల్యాబులో,
అదే గొట్టంలోకి సున్నా గాలి వదిలాను.
తొంభై మూడు దగ్గర చిన్న గుట్ట.
గొట్టం గోడలు కొంత దాచుకుంటాయి, మెల్లగా వదులుతాయి.
దాన్ని అసలు లెక్కలోంచి తీసివేయాలి, పద్ధతి అది.

తీసివేశాను.

పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే
బీడీ తగిలింది.