టన్నుకు రెండు గ్రాములు

హన్మకొండ సుబేదారిల ఏసీ హాలు.
తెరమీద ఎడారి.
ఒంటె లేదు, కంప లేదు,
ఎర్రమన్ను, దానిమీద ఎండ.
"టన్నుకు రెండు గ్రాములు," అన్నడు భూమేష్,
"పైన కొసరు వెండి, చిటికెడు ప్లాటినం.
రసాయనం చల్లితే మన్నే కక్కుతది.
లక్షకు మూడేండ్లల మూడు లక్షలు."
సమోసాలు తిరుగుతున్నయ్.
నా పక్కన రిటైర్డు పంతులు
కరపత్రం అంచు మీద సున్నాలు చుడుతున్నడు
చుక్కల ముగ్గేసినట్టు.

నాకు ఓదెమ్మ యాదికొచ్చింది.

చీకటి విడవకముందే
కుంచె, చాట, తగరపు డబ్బా.
కుంపటి బూడిద, ఆకురాయి పొడి,
మా చెప్పుల దుమ్ము సుత,
ఏడాదికింతని గుత్తకు మాట్లాడుకునేది మా మోరిని.
బొందివాగుల మోకాల్లోతు దిగి
మరిగె ఊపుతుంటే
మన్ను పోయేది, నీళ్లు పోయేవి, పొద్దు పోయేది.
అడుగున చీమతలంత మెరుపు.
దానికి పాదరసం చూపేది,
బిడ్డకు రొమ్ము చూపినట్టు.
ఆనక పొయ్యి. పొగ.
పొగ ముందుగల్ల ఆమె పండ్లు తీసుకుంది,
తర్వాత చేతుల నిలకడ.
నెల తిరిగేసరికి నాలుగు గురిగింజలెత్తు.
తూచేటప్పుడు నా మొఖం చూడకపోయేది,
ముల్లునే చూసేది.

ఒక్కసారి
అర గింజ కొట్టేసిన.
ఏమనలేదు.
తెల్లారి చీపురు నా గడప దాకొచ్చి
పక్క కొట్టుకు మళ్లింది.
మూడు నెలలు నా దుమ్ము నాకే మిగిలింది.

"డౌట్లున్నయా సార్?"
లేసి అడిగిన:
"అంత మన్ను కడగనీకి
అక్కడ నీళ్లెక్కడియి బిడ్డా?"
హాలంత నవ్వింది.
భూమేష్ కూడ నవ్వి, స్లయిడు మార్చిండు.
పంతులు నా మోచెయ్యి తట్టి
మెల్లగ అన్నడు:
"నాకు అప్పు లేదు, రోగం లేదు.
ఊకెనే ఆశ, చారీ."
చెక్కు మీద సంతకం
పాఠం రాసినంత శుద్ధంగ చేసిండు.

పోయేటప్పుడు అందరికీ తలా ఒక పొట్లం,
గుప్పెడు ఎడారి.
ఇంటికొచ్చి స్టీలు గిన్నెల పోసి
నీళ్లు గుమ్మరించి ఊపిన.
ఎటు ఊపాల్నో చెయ్యికి తెలువలేదు.
నీళ్లు ఎర్రబడ్డయ్. మన్ను మన్నులెక్కనే ఉంది.

ఉండొచ్చు, అండ్ల బంగారం.
తీసుడు నాకు రాదు.
యాభై ఏండ్ల సంది
నాకొచ్చింది తూచుడొక్కటే.
అదీ, ఒక్కనాడు తప్ప.