వెయ్యి దాకా

రాయగడలో సెల్‌ఫోన్ల కొట్టు మీద అద్దెగది.
కిటికీ తెరిస్తే కాగితం మిల్లు వాసన,
మూస్తే మా ముగ్గురి చెమట, మూడు కంప్యూటర్ల వేడి.
ఆకాశం నుంచి తీసిన బొమ్మలు వస్తుంటాయి.
ఒక్కో బొమ్మ కింద ఒకటే ప్రశ్న:
బట్టీయా? కాదా?

మిషన్‌కి నేర్పుతున్నాం.
దానికింకా పసితనం, నువ్వు చెప్పిందే నమ్ముతుంది
అంటుంది ఇరావతి మేడం.
మొన్న గుణుపురం బడి పరుగుపందేల మైదానం చూసి
తొంభై ఒక్క శాతం బట్టీ అంది.
కోడిగుడ్డు ఆకారం, చుట్టూ ఎర్రమట్టి. దాని తప్పేం లేదు.
కాదు, అని నొక్కాను.
అక్కడ పరిగెత్తే పిల్లలు పొద్దుగూకితే ఇళ్లకి పోతారు
అని రాయడానికి గడి లేదు.

నా తెలుగు బట్టీలో దొరికింది.
ఇక్కడి తెలుగువాళ్లు యాస విని నవ్వుతారు
ఇదెక్కడిదమ్మా అని.
చెప్పను.

నువాఖాయ్ అయిన వారానికి
నబఘన సర్దార్ కాశీపూర్ కొండెక్కి వచ్చి
అమ్మ చేతిలో అడ్వాన్సు పెట్టాడు.
మునిగుడలో రాత్రి రైలు.
పెద్దపల్లి దాటాక మున్షీ పుస్తకం తెరిచి
అమ్మా నాన్నా నేనూ కలిపి
ఒక పథురియా, అని రాసుకున్నాడు.
మనిషికో పేరు రాస్తే కాగితం చాలదేమో.

మొదట వచ్చిన మాట: జల్ది తిప్పు.
పచ్చి ఇటుకల మీద నడుస్తూ ఒక్కోటీ తిరగెయ్యాలి.
పెద్దవాళ్లు అడుగేస్తే గుంట పడుతుంది.
నాకు ఏడేళ్లు, నా పాదం ముద్ర పడేది కాదు.
ఎంత తేలికో ఈ పిల్ల, అని మున్షీ మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత అంకెలు.
కూలి వెయ్యికి ఇంత,
కాబట్టి వెయ్యి దాకా వచ్చు,
ఆ పైన మళ్లీ ఒకటి.

మిషన్ పొగని పట్టేస్తుంది.
చిమ్నీ నీడ కొలిచి ఎత్తు చెబుతుంది.
పొగ లేకపోతే మాత్రం
మూతబడింది, అని ముందుకు పోతుంది.
ఆగు తల్లీ.
నిప్పు ఆరినా మనుషుల్ని కదలనివ్వరు, లెక్క తేలాలి.
జూన్ నెల బొమ్మ తీయి, గుడిసెల వరస చూడు,
తొలివాన పడ్డాక కూడా నీలం టార్పాలిన్ కనిపిస్తే
లోపల ఎవరో వంట చేసుకుంటున్నారు.

మూడు వారాలు పట్టింది దానికి నీలం నేర్పడానికి.
చెరువుల్ని చూపించేది, ట్రాక్టర్లని చూపించేది,
ఒకసారి ఎవరిదో పెళ్లి పందిరి.
తర్వాత ఏడు చోట్ల గుర్తు పెట్టింది.
ఆఫీసర్లు రెండింటికే వెళ్లారు.
ఒకచోట ఖాళీ.
రెండోచోట పద్నాలుగు పథురియాలు, అని ఫోన్లో చెప్పారు.
పేర్లు చెప్పండి సార్, అన్నాను. గొంతు పెరిగింది.
నలభై మూడు పేర్లు, ఒకటి పాలు తాగే బిడ్డది,
దానికింకా పేరు పెట్టలేదట.

నిన్న ఒక పాత బొమ్మ వచ్చింది.
ఫిబ్రవరి, పదమూడేళ్ల కిందటిది.
వాగు వంపు చూసి పోల్చుకున్నాను,
ఆ వంపులోనే నాన్న మట్టి తొక్కేవాడు.
పెద్దది చేశాను. ఇంకా పెద్దది.
గళ్లు, గళ్లు. బూడిదరంగు గళ్లు.
అమ్మ ఒక గడిలో సగం కూడా ఉండదు.

అరవై రెండు శాతం, అంది మిషన్.
అవును, నొక్కాను.
చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.
పక్క కుర్చీలోంచి బిలాసిని వంగి చూసింది,
ఏం, అనుమానమా?
లెక్కపెడుతున్నా, అన్నాను.
ఏ భాషలో అని తను అడగలేదు.