పుస్తకాల పడవ

నెలకోసారి మా పడవ ఆ రేవులో ఆగేది.
నార్వే చలికాలం. మూడింటికే చీకటి.
"ఏడిపించేది వద్దు, అబద్ధాలు చెప్పేదీ వద్దు"
అన్నాడు తూర్‌గైర్, టోపీ తీయకుండానే.
రాన్‌వైగ్ పోయి అప్పటికి ఏడు వారాలు.

ప్రేమ నవలలైతే పిప్పరమెంట్లలా పంచేస్తాను.
చావు పుస్తకాల దగ్గరే చెయ్యి తడబడుతుంది.
చివరికొకటి తీశాను,
కొడుకుని సముద్రానికిచ్చుకున్న తల్లి
రాసుకున్న జ్ఞాపకాలు.
సన్నటి పుస్తకం, అట్ట వదులైపోయింది.

నెల తిరిగింది.
పుస్తకం తెచ్చాడు, ఇవ్వలేదు, తెరిచి చూపించాడు.
నలభై ఒకటో పేజీలో
ఎండి అతుక్కుపోయిన చేప పొలుసు.
"తన వేళ్లకి ఎప్పుడూ ఇవే."
వెనక కార్డు చూశాను.
రాన్‌వైగ్, ఎనభై రెండు, ఫిబ్రవరి.
వాళ్ల పిల్లాడు పోయిన ఏడు.

"చదివేదని నాకు తెలీదు.
అవతలి గదిలో వల అల్లుకుంటూ ఉండుంటాను.
ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.
మిగతాది నేను చదవొచ్చంటావా?"

ఇరవయ్యేళ్లుగా పుస్తకాలు ఇస్తున్నాను.
ఈ మాట ఎవరూ అడగలేదు.
ఇంజన్ ఆపమన్నాను సరంగుని.
కాఫీకి నీళ్లు పెట్టాను.

పొలుసు కదలకుండా
బొటనవేలితో అదిమిపట్టి
పేజీ తిప్పబోయాడు.
ఆగి, ముందు టోపీ తీశాడు.