ప్రచురణకర్త: తెలియదు

రాయపేటలో మా అంగడి బోర్డు మూడు భాషల్లో ఉంటుంది.
తెలుగు వరస నేను కొట్టిందే.
"ముద్రణ"లో ర వొత్తు
ఎండకి పెయింటు రాలి సగమే మిగిలింది.

నిన్న మధ్యాహ్నం ధనకోటి గారొచ్చారు,
చేతిలో గీతలు పడ్డ సీడీ.
వాళ్ల సంఘం సభ్యుల పుస్తకం, ఇరవై ఏళ్లనాటిది.
తెరిస్తే అక్షరాలన్నీ డాలర్లూ కామాలూ.
అప్పటి ఫాంటు ఇప్పుడెక్కడా లేదు.
"రేపు పొద్దున్నకి కావాలమ్మా" అన్నారు,
అందరూ అనేదే.

మార్చే సాఫ్ట్‌వేర్ కోసం వెతికాను.
ఉచితం, ఉచితం, ఉచితం.
ఒకే పేజీలో ఐదు పచ్చ బటన్లు,
ఏది తలుపో, ఏది గోడ మీద గీసిన తలుపో.
ఊరికే వచ్చేదాని సంగతి నాకు తెలీక కాదు,
పాండీ బజారులో నూరు రూపాయల వాచీ కొని
మూడో రోజుకే నాలిక కరుచుకున్నదాన్ని.
అయినా నొక్కాను.

మూలనుంచి ఎర్ర పెట్టె లేచింది,
చూస్తుండగానే పాలు పొంగినట్టు.
పక్క సీటులో జ్ఞానవేల్ తల తిప్పకుండానే
"అక్కా, ఆంటీవైరస్ ఆపేయ్, ఎక్కించు, మళ్లీ పెట్టు" అన్నాడు
తన సగం తెలుగులో.
కుక్క మొరుగుతోందని కుక్క మూతి కట్టి
దొంగకి మంచం వాల్చినట్టు.

నెట్టు వైరు పీకాను.
దించినదాన్ని చెరిపాను, చెత్తబుట్టలోంచి కూడా.
పూర్తి తనిఖీ పెట్టి, టీకి కూడా లేవలేదు.
నలభై శాతం దగ్గర తెర మళ్లీ ఎర్రబడింది.

ఈసారిది నేను తెచ్చింది కాదు.
"వొత్తు" అని చిన్న ఫైలు.
తొంభై ఎనిమిదిలో మునిరత్నం మేస్త్రీ రాసింది,
సీసం అక్షరాలు పేర్చి పేర్చి నల్లబడ్డ వేళ్లతో.
లక్ష్మిలో మ వొత్తు
కింది వరస నెత్తిన కూర్చోకుండా
కాస్త పైకి జరపడం. అదొక్కటే దాని పని.

పెట్టె అంటోంది:
ప్రచురణకర్త: తెలియదు.
ప్రవర్తన: అనుమానాస్పదం.
ఇతర ఫైళ్లలో చెయ్యి పెడుతోంది.

పెడుతుంది మరి.
ఆయనా అంతే, మన వెనక నిలబడి
అడక్కుండానే కీబోర్డు మీదికి వంగి
పొగాకు వాసనతో
"ఇక్కడొక చుక్క ఎడం" అనేవాడు.

వదలాలా, చెరపాలా, వేరుగా ఉంచాలా.
వదిలెయ్యమనే అంది చెయ్యి.
ఇన్నేళ్లలో దానికేం అంటుకుందో
చేతికేం తెలుసు?
మంచివాడి ఇంట్లోకీ దోమ దూరుతుంది.

అమ్మవారు పోసిన బిడ్డని
వేపమండల చాటున పడుకోబెట్టినట్టు
వేరుగా ఉంచాను.
ముప్పై రోజులట, ఆ తర్వాత దానంతటదే పోతుందట.

ధనకోటి గారింట్లో అచ్చు పుస్తకం ఒకటి దొరికింది.
నాలుగు వందల పన్నెండు పేర్లు.
చేత్తోనే మొదలెట్టాను,
చెదలు తిన్నచోట ఫోను చేసి అడుగుతూ.
రాత్రి పదిన్నరకి "మ"లోకి వచ్చాను.

పి. మునిరత్నం, కంపోజిటరు, పెరంబూరు.
చందా బాకీ: పదిహేను రూపాయలు.

కొట్టి, కాసేపు ఆగాను.
న వొత్తు కింది గీతకి తగులుతోంది.
ఒక చుక్క పైకి జరిపాను.